యూఎన్ మిషన్ల ఉన్న తమ్మునికి అమ్మ ఉత్తరం రాస్త అంటున్నది – ఎట్ల పంపాలె, ఏం రాయాలె?

హన్మకొండ_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఆర్మీల ఉంటడు, ఈ మధ్యనే యూఎన్ శాంతిదళం కింద సౌత్ సూడాన్ పోయిండు, ఏడాది ఉండాలె. [యూనిట్ పేరు, క్యాంపు ఉన్న ఊరి పేరు తీసేసినం – మోడరేటర్] ఫోనైతే వస్తది గని వీడియో కాల్ అంటే మొఖం కనవడుడు, ఆగిపోవుడు, "ఇనవడుతుందా ఇనవడుతుందా" అనుడుకే టైమంత పోతది. అమ్మకు తృప్తి ఉంటలేదు, పెట్టేసినంక "అరే గది చెప్పుడు మర్సిపోయిన" అని రాత్రంత అదే రంది. ఇగ ఇప్పుడు ఉత్తరం రాద్దాం బిడ్డా నేను చెప్త నువ్వు రాయి అంటున్నది. ఆఫ్రికాకు ఉత్తరం అంటే విదేశీ స్టాంపులు ఏమన్న అతికియ్యాల్నా, ఎన్ని దినాలకు ముడుతది?
ఇంకోటి అసలు ముచ్చట. బాపుకు గుండెల బ్లాక్ ఉందని తేలింది, స్టంట్ ఎయ్యాలె అన్నరు. తమ్మునికి చెప్పలే ఇంకా. చెప్పాల్నా వద్దా అని ఇంట్ల రోజూ పంచాయితీ.

మోడరేటర్:
అక్కా, బటాలియన్ పేరు, క్యాంపు ఊరు ఓపెన్‌గ పెట్టకండి, అందుకే తీసేసిన. దేశం పేరు వరకు ఓకే. కింద రాసేటోళ్ళు కూడా జెర ఈ ముచ్చట యాదిల పెట్టుకోండి, ఎవరు ఎప్పుడు పోతున్నరు, ఎప్పుడు వస్తున్నరు అన్న తారీఖులు కూడా వద్దు.

కాజీపేట_జంక్షన్:
ఉత్తరమా? ఏ కాలంల ఉన్నరు అక్కా 😄 ఈమెయిల్ కొడితే సెకన్ల పోతది, అమ్మ మాట్లాడింది వాయిస్ నోట్ రికార్డ్ చేసి పెట్టు, సిగ్నల్ వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటడు, అయిపాయె. బాపు ముచ్చట మాత్రం చెప్పాలె, గండ్ల ఆలోచించుడు ఏముంది.

మాజీ_హవల్దార్_నర్సంపేట:
తమ్మీ జంక్షన్, నీకు సెకన్లే కావాలె గని వానికి కావాల్సింది సెకన్లు కాదు. ఆ ముచ్చటకు మళ్ల వస్త. ముందు చెల్లెకు అడ్రస్ సంగతి చెప్పనీ.
బిడ్డా, విదేశీ స్టాంపులు ఏం అక్కర్లేదు. మన దళం ఏ దేశంల ఉన్నా ఉత్తరం ఆర్మీ పోస్టల్ సర్వీస్ చేతికే పోతది, ఆడికెళ్ళి వాళ్ళే పంపుతరు. మన దేశంల ఎంత టికెట్టో గంతే. ఇన్‌లాండ్ కవరు మీదనే రాయొచ్చు. అడ్రస్‌ల ఫస్టు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, అటెన్క కంపెనీ, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), పిన్ కోడ్ 9 తోని షురూ అయితది. సూడాన్ అనో ఆఫ్రికా అనో ఏడ రాయకు, రాస్తే పోస్టాఫీసుల ఫారిన్ సంచిల పడ్తది, ఇగ అది ఏ దేశం తిరిగొస్తదో దేవునికెరుక. సరైన యూనిట్ అడ్రస్ మీ తమ్మున్నే అడుగు, వాడు చెప్పింది ఒక్క అక్షరం మార్చకుంట దించు. పైన ఇంగ్లీషు గాని హిందీ గాని, లోపల తెలుగు.
ఎన్ని దినాలు అంటే మాత్రం నేను మాట ఇయ్య. విమానం ఉంటే పోతది, లేకుంటె కూసుంటది. ఆ దేశంల వానకాలం వచ్చిందంటే మట్టి రన్‌వేలు మన ఆదిలాబాద్ నల్లరేగడి లెక్క అయితయట, హెలికాప్టరే దిక్కు.
నేను శ్రీలంకల ఐపీకేఎఫ్‌ల, అంటే మన శాంతి సేనల చేసిన, 87ల పోయిన, జాఫ్నా దిక్కు. అప్పుడు ఫోన్ లేదు ఏం లేదు. పలాలి ఎయిర్‌బేస్‌ల విమానం దిగిందంటే డాక్ వచ్చిందా రాలేదా అన్నదే ముచ్చట, రేషన్ గురించి కూడా గంత అడుగకపోయేటోళ్ళం. డాక్ వచ్చినంక పేర్లు సదువుతరు, పేరు రానోడు సప్పుడు చెయ్యకుంట పోయి బందూక్ తుడుసుకుంట కూసునేటోడు. వచ్చినోడు కూడా ఎంబటే సదువడు. జేబుల పెట్టుకుంటడు. డ్యూటీ దిగినంక, తిన్నంక, పండుకునే ముందు సదువుతడు. పొద్దుగాల మళ్ల సదువుతడు. వాయిస్ నోట్ గట్ల జేబుల పెట్టుకోని తిరుగుతవా తమ్మీ?

కాజీపేట_జంక్షన్:
ఫోన్ జేబులనే ఉంటది కద కాకా 😅

మాజీ_హవల్దార్_నర్సంపేట:
డ్యూటీల ఫోన్ జమ చేపిస్తరు. కాయిదం ఎవ్వడు గుంజుకోడు.

పరకాల_వదినె:
హవల్దార్ కాకా చెప్పింది నిజమే గని జంక్షన్ తమ్ముణ్ణి కూడా పురాగ తీసెయ్యలేం. మా ఆయన కాంగోల చేసి వచ్చిండు, గోమా దిక్కు, అంతా ఈమెయిలు వాట్సాప్ మీదనే బతికినం మేము. (ఆడ కూడా ఎయిర్‌టెల్ సిమ్మే దొరికింది, మా అత్తమ్మ అయితే "మన ఎయిర్‌టెల్లేనాయె, మరి ఫోన్ బిల్లు గింత ఎందుకైతది" అని కొట్లాడేది.) నేను చేసిన పని ఏందంటే ప్రతి ఈమెయిల్‌కు పైన నంబరు ఏసేది, 14, 15, 16 అని. ఎందుకంటే సిగ్నల్ వచ్చినప్పుడు అన్ని ఒక్కసారే పడ్తయి, ఏది ముందో ఏది ఎనకో తెల్వదు, "పిల్లగానికి తగ్గింది" అన్నది ముందు సదివి "పిల్లగానికి జెరం" అన్నది ఎనక సదివితే ఎట్ల ఉంటది చెప్పండి. నంబరు ఉంటే ఆయన కూడా "15 రాలే, 16 వచ్చింది" అని రాసేది. ఫోటోలు సైజు తగ్గించి పెట్టాలె, ఒక మెయిల్‌కు ఒక్కటే. సౌత్ సూడాన్ అయినా కాంగో తూర్పు దిక్కు అయినా మనకంటే మూడున్నర గంటలు ఎనక, మన రాత్రి తొమ్మిదింటికి ఆడ సాయంత్రం ఐదున్నర, ఆ టైముల పంపితే డ్యూటీ దిగినంక సూసుకుంటరు.
బాపు ముచ్చట గురించి నేను జంక్షన్ తమ్మునితోని ఒప్పుకోను. 2021 మే 22 సాయంత్రం గోమా పక్కకు ఉన్న నీరాగొంగొ అగ్నిపర్వతం పేలింది, లావా ఊరి అంచు దాక వచ్చింది. టీవీల ఎర్రగ మండుతున్న ఆకాశం సూపెడుతున్నరు, ఫోన్ కలుస్తలేదు. ఇక్కడ మనకు కరోనా సెకండ్ వేవ్, లాక్‌డౌన్, మా మామయ్యకు అప్పుడే పాజిటివ్ వచ్చి ఆక్సిజన్ లెవల్ సూసుకుంట కూసున్నం. నాకు ఆయన రంది, ఆయనకు మా రంది. తెల్లారి మూడు లైన్ల ఈమెయిల్ వచ్చింది, నేను మంచిగున్న, మీరు మంచిగున్నరా, బాపు ఎట్లున్నడు అని. నేను "అందరం మంచిగున్నం" అని రాసిన. ఆ పొద్దు నేను నిజం రాస్తె ఆయన ఆడ ఏం జేసేటోడు? జనాల్ని బయటికి తీసుకపోయే డ్యూటీల ఉన్నడు. తగ్గినంక అంతా చెప్పిన. తగ్గినంక చెప్పుడు వేరు, దాచిపెట్టుడు వేరు.

గల్ఫ్_బిడ్డ_జగిత్యాల:
నేను ఫౌజోళ్ళ ఇంటోన్ని కాదు గని ఒక ముచ్చట చెప్పాలె అనిపిస్తున్నది. మా నాయిన దుబాయ్‌ల కూలి, మా చిన్నప్పుడు మా దిక్కు ఇంటింటికి ఇదే కథ. అప్పుడు టేప్ రికార్డర్ క్యాసెట్ల మాటలు నింపి ఊళ్ళెకెళ్ళి పోయేటోళ్ళ చేతికి ఇచ్చేది. మా నానమ్మ క్యాసెట్ల ఎక్కువ తిట్లే ఉండేటియి, పైసలు పంపలే, బుద్ధి లేదు అని, నాయిన మాత్రం అవే మళ్ల మళ్ల పెట్టుకోని ఇనేటోడట. ఆమె సచ్చిపోతె నాయినకు చెప్పలే. వీసా పని ఖరాబ్ అయితది, ఏడ్సుకుంట రావాలంటె టికెట్టుకు అప్పయితది అని పెద్దలు ఒక్క మాట అనుకున్నరు. వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి జీపుల వస్తాంటె దారిల చెప్పిన్రు. నాయిన ఇప్పటికీ మా పెదనాయినతోని సరిగ మాట్లాడడు.
వదినె చెప్పింది కరెక్టే కావచ్చు, తగ్గినంక చెప్తే సరే. తగ్గకపోతే?

మాజీ_హవల్దార్_నర్సంపేట:
గదే అసలు మాట, తగ్గకపోతే? నాకు ఎరుకున్న ఒకాయనది చెప్త, పేరు వద్దు. శ్రీలంకలనే. ఇంట్ల భూమి పంచాయితీ అయి అన్నదమ్ములు కొట్టుకున్నరు, కేసు అయింది. ఇంటి నుంచి ఉత్తరాలు మాత్రం అంతా కుశలమే, అంతా కుశలమే. పక్క ఊరోడు ఇంకో యూనిట్ల ఉన్నడు, వాని పెండ్లాం వానికి రాసింది, వాడు ఇతనికి చెప్పిండు. అప్పటిసంది ఇంటి నుంచి ఏ ఉత్తరం వచ్చినా ఇతను నమ్మకపోయేటోడు. కుశలం అని రాస్తే "ఏదో దాస్తున్నరు" అనుకునేది. గది ఇంకా పెద్ద రంది.
ఇగ ఆ కాలంల టెలిగ్రాం ఇంకో తమాష. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ" అని కొట్టుడే, ఛుట్టి కావాలంటె. సీఓ సాబ్‌లకు (యూనిట్ పెద్ద ఆఫీసర్లకు) తెల్వదా, సగం మందికి తల్లి ఏడాదికి రెండుసార్లు సీరియస్ అయ్యేది. అందుకే పోలీసు స్టేషన్ నుంచో తాసిల్దార్ నుంచో ఖాయం చేపిచ్చుకునేటోళ్ళు. 2013ల టెలిగ్రాం బంద్ అయింది, అబద్ధాలు బంద్ కాలే.
చెల్లే, నిజంగ ఎమర్జెన్సీ అయితే ఫోన్ కలవకున్నా భయపడకు. యూనిట్ది రియర్ పార్టీ, అంటే ఎనక ఉండే చిన్న జట్టు, ఇండియాలనే ఉంటది, ఆ నంబరు తమ్మున్ని అడిగి గోడ మీద రాసి పెట్టుకో. అది దొరకకపోతే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పో, వాళ్ళు మాట కలుపుతరు.

స్టాంపుల_సారు_కరీంనగర్:
మంచి చర్చ. నేను రిటైర్డ్ టీచర్‌ను, ఫౌజీ ఉత్తరాల కవర్లు సేకరించే పిచ్చి ఉంది, కాబట్టి పక్కదారి అయినా రెండు మాటలు.
మన సైన్యం బయటి దేశాలకు పోయినప్పుడు మన స్టాంపుల మీదే అదనంగా అచ్చు కొట్టి వాళ్లకు ఇచ్చేవారు. 1953లో కొరియాకు పోయిన కస్టోడియన్ ఫోర్స్‌కు (యుద్ధ ఖైదీలను చూసుకున్న మన దళం) హిందీలో, 1962లో కాంగోకు పోయినవాళ్లకు, 1965లో గాజాలో ఉన్నవాళ్లకు నెహ్రూ గారి బొమ్మ ఉన్న 15 పైసల స్టాంపు మీద యూఎన్ఈఎఫ్ (యూఎన్ ఎమర్జెన్సీ ఫోర్స్) అని. గాజా స్టాంపు నా దగ్గర ఒకటి ఉంది, వెనక జిగురు కూడా పోలేదు. అంటే అప్పట్లో గాజా నుంచి ఇండియాకు మన స్టాంపే అతికించి ఉత్తరం వేసేవారు.
ముద్ర మీద ఊరు పేరు ఉండదు, ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) అని ఒక నంబరు మాత్రమే. ఆ నంబరు పట్టుకుని ఏ సంవత్సరం ఏ పోస్టాఫీసు ఎక్కడ ఉండేదో తేల్చడమే మా లాంటివాళ్ల కాలక్షేపం.
హన్మకొండ అమ్మాయి, మీ అమ్మ చెప్తే నువ్వు రాస్తున్నావు కదా, దానికి కూడా చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కు పోయిన మన సిపాయిల్లో చాలామందికి చదువు రాదు, పక్కవాడితో రాయించుకునేవారు. ఇక్కడ ఊళ్లో తల్లి కూడా ఎవరితోనో చదివించుకునేది. మధ్యలో సెన్సార్ వాడు చదివి కొన్ని ముక్కలు ఇంగ్లీషులోకి రాసి పెట్టుకున్నాడు. ఆ సెన్సార్ రిపోర్టులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి కాబట్టే వాళ్లేం రాసుకున్నారో ఈ రోజు మనకు తెలుస్తున్నది. నిఘా కోసం దాచినవి, చివరికి మిగిలినవి అవే.

హన్మకొండ_అక్క:
సార్ మస్తు సంతోషం. మీరు అన్నదాని మీదనే నాకొక డౌటు. అమ్మ చెప్పేది ఎట్లుంటదంటే "రాజన్న బర్రె దుడ్డెను ఈనింది, పక్కింటి లచ్చవ్వ మళ్ల అలిగింది, మక్కలు కోసినం, కోతులు సగం తిన్నయి, నీ బనీన్లు అల్మారిల ఉన్నయి" గిట్ల. ఒకదానికి ఒకటి సంబంధం ఉండదు. నేనేమో కొంచెం వరుసగ పెట్టి, నమస్కారం, క్షేమం అని రాసి సదివి ఇనిపిస్తే "గిది నా ఉత్తరం గాదు, నీది" అంటది. ఎట్ల రాయాలె?

పరకాల_వదినె:
అయ్యో అమ్మ చెప్పింది చెప్పినట్టే రాయి చెల్లె. వరుస పెడితే అమ్మ గొంతు పోతది. లచ్చవ్వ ఎందుకు అలిగిందో కూడా రాయి, తమ్మునికి మస్తు కావాలె అది. మా ఆయన అయితే నేను రాసిన పెద్ద పెద్ద ప్రేమ ముచ్చట్లకు "సరే" అని రెండు అక్షరాల జవాబిచ్చి, మా ఇంటి ముంగట మోరీ పని ఎంత దాక వచ్చింది అని నాలుగు ప్రశ్నలు అడిగేది 😂

మాజీ_హవల్దార్_నర్సంపేట:
కోతుల ముచ్చట తప్పకుంట రాయి. పక్క బెడ్డు మీద ఉన్నోనికి కూడా సదివి ఇనిపిస్తడు. బిహార్ వాడు గాని తమిళ్ వాడు గాని, వాని ఊళ్ళె కూడా కోతులే.

స్వప్న_మంచిర్యాల:
టాపిక్ వేరే గని ఇక్కడ ఫౌజీ తెలిసినోళ్ళు ఉన్నరు కదా అని అడుగుతున్న. మా చిన్నమ్మకు ఫేస్‌బుక్‌ల ఒక ఫ్రెండ్ అయిండు, అమెరికా ఆర్మీల డాక్టర్‌నని, సిరియాల డ్యూటీ అని. రోజూ ఈమెయిల్స్ రాస్తడు, మస్తు మర్యాద. భార్య చనిపోయిందట, బిడ్డ హాస్టల్ల ఉందట. ఇప్పుడు మా చిన్నమ్మకు గిఫ్ట్ పార్సిల్ పంపిండట, ఢిల్లీ కస్టమ్స్‌ల ఆగింది, పైసలు కట్టాలె అని ఎవరో ఆడామె ఫోన్ చేసింది. నిజమైన సోల్జరేనా ఎట్ల తెల్సుకోవాలె?

కాజీపేట_జంక్షన్:
ఆగండి ఆగండి. ఒక్క రూపాయి కట్టొద్దు!! ఇది ఫ్రాడ్, వంద శాతం. డాక్టర్, విధురుడు, సిరియా, పార్సిల్, కస్టమ్స్ ఫోన్... ఇదే కథ, పేర్లే మారుతయి. ఆ ఫోటోను గూగుల్ లెన్స్‌ల పెట్టి సూడండి, వేరే ఎవరిదో ఫోటో దొంగతనం చేసి పెట్టుకుంటరు.

డల్లాస్_వరంగలోడు:
జంక్షన్ అన్న కరెక్ట్. మా మేనల్లుడు నిజంగనే యూఎస్ ఆర్మీల ఉన్నడు, కువైట్ పోయి వచ్చిండు, అందుకే చెప్తున్న. వాళ్లకు తిండి, దవాఖాన, లీవు దేనికీ బయటోళ్ళు పైసలు కట్టే పనే ఉండదు. లీవ్ కోసం ఫీజు కట్టాలె అన్నడంటే ఆడికాడికే దొంగ. ఆఫీసు ఈమెయిల్ డాట్ మిల్ తోని ఎండ్ అయితది, ఈయనది జీమెయిలే అయి ఉంటది సూడండి. పార్సిల్ విషయం కూడా, కువైట్ల ఉన్నోళ్ళకు మేం పంపితే అడ్రస్‌ల కువైట్ అని రాయం, ఏపీఓ ఏఈ అని అమెరికా ఆర్మీ పోస్టు కోడ్ రాసి అమెరికా లోపల పోస్టు రేటుకే పంపుతం, కస్టమ్స్ ఫారం మాత్రం నింపాలె. ముక్కు మొఖం తెల్వని సోల్జర్‌కు "ఎవరైనా సైనికునికి" అని ఉత్తరం రాసే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది గని 2001ల ఆంత్రాక్స్ రోగం క్రిముల పొడి పెట్టి పంపిన ఉత్తరాల తర్వాత బంద్ పెట్టిన్రు.

స్వప్న_మంచిర్యాల:
అయ్యో. ఆమె ఇప్పటికే ఒకసారి కట్టింది. 35 వేలు. మాకు నిన్ననే చెప్పింది. ఇంట్ల బాబాయికి తెల్వదు.

కాజీపేట_జంక్షన్:
ఇప్పుడే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందర చేస్తే ఆ ఖాతాల పైసలు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల కంప్లైంట్, ఆ ఈమెయిల్స్ ఏవీ డిలీట్ చెయ్యొద్దు, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టండి. కస్టమ్స్ వాళ్ళు ఎవరి సొంత ఖాతాలకో పైసలు ఎయ్యమని ఫోన్ చెయ్యరు. ఇంకో ముచ్చట, పైసలు వాపసు ఇప్పిస్తమని ఇంకొకడు ఫోన్ చేస్తడు, వాడు కూడా అదే గ్యాంగు.

పరకాల_వదినె:
స్వప్నా, చిన్నమ్మను తిట్టకండి ముందు. రోజూ ఎవరో ఒకరు "తిన్నవా" అని అడుగుతుంటే ఎవ్వరికైనా మనసు అటే పోతది. బాబాయికి మీరు పక్కన ఉండి చెప్పండి, ఆమెతోని ఒక్కతే చెప్పనియ్యకండి.

మోడరేటర్:
స్వప్న గారి విషయం వేరే టాపిక్‌గ విడదీస్తున్న, అక్కడ కంటిన్యూ చెయ్యండి. ఇక్కడ అక్క ఉత్తరం ముచ్చట.

హన్మకొండ_అక్క:
అప్‌డేట్. బాపుకు స్టంట్ ఏసిండ్రు, రెండు దినాలకే ఇంటికి పంపిన్రు, మంచిగున్నడు. చెప్పాల్నా వద్దా అని నేను అమ్మ ఇంకా కొట్లాడుతనే ఉన్నం, ఆయనే లేసి కూసోని "ఆ కాయిదం ఇటు తే" అన్నడు. బాపు పెన్ను పట్టుకోంగ నేను బ్యాంకు సంతకానికి తప్ప సూడలే. అమ్మ ఉత్తరం కింద జాగ ఉంటే గండ్ల రాసిండు: "నాకు గుండెకు స్టంట్ ఏసిండ్రు. నొప్పి లేదు. అన్నం తింటున్న. నువ్వు రావద్దు. పత్తి రెండో ఏరుడు ఉంది. నీ నీలం టోపీ ఫోటో టీవీ మీద పెట్టినం." గంతే. నేను ఒక్క అక్షరం ముట్టలే. నిన్న హెడ్ పోస్టాఫీసుల ఏసిన.

గల్ఫ్_బిడ్డ_జగిత్యాల:
బాపుకు దండం అక్కా 🙏 "నువ్వు రావద్దు" అని రాసిండు సూడు, అది సదివి వాడు ఎట్లనో అట్ల ఫోన్ చేస్తడు.

పరకాల_వదినె:
చెల్లె, ఉత్తరం పోయేసరికి ఎన్ని దినాలైతదో తెల్వదు, ఈలోపల వేరే ఎవరి నోట్లకెళ్ళో ఇనొద్దు. ఆ కాయిదం ఫోటో తీసి ఈమెయిల్ కూడా పెట్టు. బాపు చేతిరాతే సూస్తడు. కాయిదం తర్వాత ముడితే ముడుతది.

కాజీపేట_జంక్షన్:
అంటే చివరికి నేను చెప్పిన ఈమెయిలే 😎

మాజీ_హవల్దార్_నర్సంపేట:
కాయిదం ఉంటేనే గద ఫోటో తీసేది తమ్మీ.

హన్మకొండ_అక్క:
😄😄 పెట్టిన వదినె, సింగిల్ టిక్ మీద ఉంది ఇంకా, ఈమెయిల్ కూడా కొట్టిన, పైన 1 అని నంబరు ఏసి. ఇంకోటి అడగాలె, అమ్మ సకినాలు పంపుత అంటున్నది. పోస్టుల పోతయా?

మాజీ_హవల్దార్_నర్సంపేట:
పోస్టుల పంపితే ముడుతయి గని పిండి లెక్క ముడుతయి. ఛుట్టి మీద వచ్చి వాపసు పోయే యూనిట్ పిల్లగాడు ఎవడన్న దొరుకుతడేమో తమ్మున్ని అడుగు, వాని చేతికి డబ్బాల పెట్టియ్యి. నూనె బాగ ఒడిసిపెట్టాలె, పైన న్యూస్ పేపర్ గాదు, బట్ట పెట్టాలె. వానికి విడిగ ఒక ప్యాకెట్ కట్టియ్యి, లేకుంటె దారిలనే డబ్బా తీస్తడు.